ఎర్రర్ రాలేదు, సముద్రమంతా 300.15: అర్రేను ఫైలులోకి రాసేటప్పుడు తప్పు ఎక్కడ దూరుతుంది?

ప్రశ్న: నేల ఉపరితల ఉష్ణోగ్రతలను పైథాన్‌లో నెట్‌సీడీఎఫ్4 లైబ్రరీతో (నెట్‌సీడీఎఫ్ అనే శాస్త్రీయ డేటా ఫైళ్లను రాసి చదివేది) ఫైలులోకి రాస్తున్నాను. 2023 సంవత్సరం మొత్తం, గంటకో మ్యాప్. అర్రే (సంఖ్యల పట్టిక) ఆకారం 8760 × 180 × 360. విలువలు కెల్విన్లలో ఉన్నాయి, సముద్రపు గళ్లలో నాన్ (‘సంఖ్య కాదు’ అనే గుర్తు) ఉంది. మొదటిసారి రాసినప్పుడు ఫైలులో అన్నీ ఖాళీ గీతలే. ఆ కోడ్ పక్కనపెట్టి, ఫైలు చిన్నదవుతుందని ఇంట్16లోకి (16 బిట్ల పూర్ణాంకాల్లోకి) ప్యాక్ చేస్తూ మళ్లీ రాశాను. స్కేల్ ఫ్యాక్టర్ 0.00229, యాడ్ ఆఫ్‌సెట్ 255 పెట్టి, నేను లెక్కకట్టిన పూర్ణాంకాలను వేరియబుల్‌లో వేశాను. ఇప్పుడు విలువలు 180కీ 330కీ మధ్యనే ఉన్నాయి కానీ మ్యాప్ గీస్తే ఇసుక చల్లినట్టుంది. సముద్రం ఖాళీగా ఉండాల్సింది పోయి అంతటా 300.15. సమయాలు చూస్తే 1 గంటకు బదులు 0:59:44, 2 గంటలకు బదులు 1:59:28. పైగా ఓ పది చోట్ల ఏడాది విలువలు తీయాలంటే నిమిషాలు పడుతోంది. ఎక్కడా ఎర్రర్ మాత్రం రాలేదు. ఎక్కణ్నుంచి వెతకాలి?

జవాబు: మీరు రాసిన అంకెల్లోనే జవాబు చాలావరకు ఉంది. ముఖ్యంగా ఆ 300.15లో. మీ కోడ్‌లో ఉన్నది ఒక తప్పు కాదు, ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తప్పులు. అన్నిటినీ ఒకే మూలానికి ముడిపెట్టి వెతికితే రోజులు గడిచిపోతాయి. విడివిడిగా చూద్దాం.

ముందు ఆ ఖాళీ గీతల సంగతి. మీ మొదటి కోడ్ పంపలేదు గానీ, ఈ లక్షణానికి నూటికి తొంభైసార్లు కారణం ఒక్కటే. వేరియబుల్‌ను సృష్టించి దానికి ఉష్ణం అని పేరు పెట్టారనుకోండి. ఆ తర్వాత ‘ఉష్ణం = డేటా’ అని రాస్తే పైథాన్ ఆ పేరును ఫైలులోని వేరియబుల్ నుంచి ఊడబీకి మీ అర్రేకు తగిలిస్తుంది. అంతే, ఫైలులోకి ఒక్క బైటు కూడా వెళ్లదు. పైథాన్ దృష్టిలో అది పూర్తిగా సరైన వాక్యం కాబట్టి ఎర్రర్ వచ్చే ప్రసక్తే లేదు. రాయాల్సింది ‘ఉష్ణం[:] = డేటా’. ఆ చదరపు బ్రాకెట్లూ కోలనూ ఉంటేనే విలువలు ఫైలులోకి దిగుతాయి. రాయకుండా వదిలేసిన ఫ్లోట్ (దశాంశ సంఖ్యల) వేరియబుల్‌లో నెట్‌సీడీఎఫ్ తన సొంత ఫిల్ వాల్యూ (ఇక్కడ ఖాళీ అని చెప్పే సంఖ్య) నింపుతుంది, అది సుమారు 9.96921 × 10^36. ఫైలులో ఏముందో చూపించే ఎన్‌సీడంప్ అనే ప్రోగ్రాం దాన్ని అండర్‌స్కోర్ గీతగా, పైథాన్ లైబ్రరీ రెండు అడ్డగీతలుగా చూపిస్తాయి. ఎప్పుడైనా మీ సగటు 10^36 దరిదాపుల్లో తేలితే, ఫిల్ వాల్యూను ఎవరో మాస్క్ చేయకుండా (ఖాళీగా పక్కన పెట్టకుండా) లెక్కలో కలిపేశారని అర్థం.

ఇదే కుటుంబానికి చెందిన చిన్న తప్పు ఇంకొకటుంది. కాలం డైమెన్షన్ (అక్షం) అపరిమితమైనది, అంటే ఎంతైనా పొడవు పెరిగేది అయి, లూప్ 0కి బదులు 1 నుంచి మొదలైతే, ఫైలు చెప్పకుండా పొడవు పెరిగి 8761 గంటలవుతుంది. మొదటి గంట ఖాళీగా మిగులుతుంది. పొడవు 8760 ఉందో లేదో ఓసారి చూసుకుంటే చాలు.

ఇక అసలు సమస్యకు వద్దాం. మీరు చేసింది రెండుసార్లు ప్యాక్ చేయడం.

ప్యాకింగ్ లెక్క మీకు తెలిసిందే: విలువలోంచి ఆఫ్‌సెట్ తీసేసి, స్కేల్‌తో భాగించి, దగ్గరి పూర్ణాంకానికి సవరించడం. మీరు దాన్ని చేత్తో చేశారు. అయితే వేరియబుల్‌కు స్కేల్ ఫ్యాక్టర్, యాడ్ ఆఫ్‌సెట్ అనే ఆట్రిబ్యూట్లు (వేరియబుల్ గురించిన వివరాలు) తగిలించగానే ఈ లైబ్రరీ అదే పనిని తనంతట తానే మొదలుపెడుతుంది. మీరు అందించిన పూర్ణాంకాలను కెల్విన్లనుకుని, వాటిని మళ్లీ ప్యాక్ చేస్తుంది. ఒక్క గడిని పట్టుకుని నడుద్దాం. 300.0 కెల్విన్ మీ లెక్కలో 45ను 0.00229తో భాగించగా 19651 అయింది. లైబ్రరీ ఆ 19651లోంచి 255 తీసి, మళ్లీ 0.00229తో భాగించింది. వచ్చింది 84,69,869. ఇంట్16లో పట్టేది −32768 నుంచి 32767 దాకానే. పట్టనిది 65536 చొప్పున చుట్టు తిరిగి 15725గా కూర్చుంది. తిరిగి చదివితే 291.0.

పక్క గడిలో 300.1 ఉందనుకోండి. అది మొదట 19694, తర్వాత 84,88,646, చుట్టు తిరిగాక −31034. చదివితే 183.9. అసలు తేడా పదో వంతు డిగ్రీ, ఫైలులో తేడా నూట ఏడు డిగ్రీలు. మ్యాప్ ఇసుక చల్లినట్టు కనిపించేది అందుకే. విలువలన్నీ 180కీ 330కీ మధ్యనే ఉండటం మిమ్మల్ని తికమకపెట్టింది కదా? ఇంట్16లో ఏ చెత్త ఉన్నా, దాన్ని 0.00229తో గుణించి 255 కలిపితే సుమారు 179.96 నుంచి 330.04 లోపే తేలుతుంది. మరో మాట లేదు. కాబట్టి ప్యాక్ చేసిన ఫైలులో కనిష్ఠం, గరిష్ఠం చూసి ‘బాగానే ఉంది’ అనుకోవడానికి వీల్లేదు. ఆ పరీక్ష ఎప్పటికీ నెగ్గుతూనే ఉంటుంది.

ఇప్పుడు సముద్రం. నాన్‌ను ఇంట్16గా మార్చితే ఏం రావాలన్నదానికి నియమం లేదు, ప్రాసెసర్‌ను బట్టి మారుతుంది. మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో తరచూ 0 వస్తుంది. ఆ 0లోంచి 255 తీసి 0.00229తో భాగిస్తే −1,11,354. చుట్టు తిరిగితే 19718. చదివితే 300.15. మీ సముద్రం చెబుతున్నది అదే: నాన్ ముందు సున్నా అయింది, తర్వాత రెండోసారి ప్యాక్ అయింది. ఒక్కసారే ప్యాక్ అయ్యుంటే సముద్రమంతా సరిగ్గా 255.0 కనిపించేది. ఎక్కడైనా ఖాళీ ఉండాల్సిన చోట మీ ఆఫ్‌సెట్ విలువే అచ్చుగుద్దినట్టు కనిపిస్తే నాన్ సున్నాగా మారిందని వెంటనే పోల్చుకోవచ్చు.

ఇంకో సూక్ష్మం. లైబ్రరీ ఆట్రిబ్యూట్లను చూసేది డేటా వేసే క్షణంలో. డేటా వేశాక ఆట్రిబ్యూట్లు తగిలిస్తే రెండో ప్యాకింగ్ జరగదు. అంటే రెండు వాక్యాలు కిందా మీదా చేస్తే అదే కోడ్ ఒకచోట సరిగ్గా, ఇంకోచోట తప్పుగా రాస్తుంది. ‘నా స్నేహితుడి దగ్గర పనిచేస్తోంది, నా దగ్గర చేయట్లేదు’ అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే పుడతాయి.

సరిచేసే దారులు రెండు, కలపకుండా ఏదో ఒకటి ఎంచుకోండి. మొదటిది, మేం సిఫారసు చేసేది: ప్యాకింగ్ పూర్తిగా లైబ్రరీకే వదిలేయడం. వేరియబుల్‌ను ఇంట్16గా సృష్టించేటప్పుడే ఫిల్ వాల్యూ −32768 ఇవ్వండి. అది సృష్టించే సమయంలోనే ఇవ్వాలి, తర్వాత తగిలిస్తానంటే ఒప్పుకోదు. ఆపైన స్కేల్, ఆఫ్‌సెట్ పెట్టండి. అర్రేను మాత్రం కెల్విన్లలోనే, నంపైలోని మాస్క్‌డ్_ఇన్‌వ్యాలిడ్ ఫంక్షన్ గుండా పంపి వేయండి. మాస్క్ అయిన గళ్లలో ఫిల్ వాల్యూ చేరుతుంది. నాన్‌ను మాస్క్ చేయకుండా నేరుగా వేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

రెండోది, లెక్క మీరే చేయాలనుకుంటే: వేరియబుల్ మీద సెట్_ఆటో_మాస్క్‌అండ్‌స్కేల్‌ను ఫాల్స్ చేసి, నాన్ ఉన్న చోట −32768 మీరే పెట్టి, అప్పుడు పూర్ణాంకాలు వేయండి. పూర్ణాంకంగా మార్చేముందు రౌండ్ చేయడం మరవొద్దు. లేకపోతే భిన్నభాగం తెగిపోయి విలువలన్నీ 255 వైపు కొద్దికొద్దిగా జరుగుతాయి.

మీ స్కేల్ ఎంపిక మాత్రం బాగుంది. 150 డిగ్రీల పరిధిని 65534తో భాగిస్తే 0.002289, మీరు కొంచెం పైకి సవరించారు. 180 కెల్విన్ −32751గా, 330 కెల్విన్ 32751గా పడతాయి కాబట్టి ఫిల్ వాల్యూతో గొడవ రాదు. ప్యాకింగ్ వల్ల పోయే కచ్చితత్వం గరిష్ఠంగా సగం స్కేల్, అంటే 0.001145 కెల్విన్. నేల ఉష్ణోగ్రతకు అది లెక్కలోకి రాదు. వర్షపాతం లాంటి, సున్నా దగ్గర గుంపుగా ఉండి అక్కడక్కడా భారీగా ఎగిరే వాటికి ఈ పద్ధతి అంత నప్పదు, అక్కడ ఫ్లోట్32 (32 బిట్ల దశాంశ సంఖ్యలు) ఉంచి కంప్రెషన్ వాడటమే మేలు.

మీరింకా తొక్కని గుంట ఒకటి: వ్యాలిడ్_మిన్, వ్యాలిడ్_మ్యాక్స్ ఆట్రిబ్యూట్లు (చెల్లే కనిష్ఠం, గరిష్ఠం) పెట్టాలనిపిస్తే, అవి ప్యాక్ చేసిన సంఖ్యల్లో ఉండాలి, కెల్విన్లలో కాదు. వ్యాలిడ్_మిన్ 180 అని రాశారంటే, 180 అనే పూర్ణాంకం కన్నా తక్కువున్నవన్నీ, అంటే 255.41 కెల్విన్ కన్నా చల్లని గళ్లన్నీ, చదివేటప్పుడు మాయమవుతాయి.

ఎక్స్‌అర్రే అనే ఇంకో పైథాన్ లైబ్రరీకి మారినా ఈ బాధ పూర్తిగా తప్పదు. అక్కడ డీటైప్ (సంఖ్యల రకం), స్కేల్ ఫ్యాక్టర్, ఆఫ్‌సెట్, ఫిల్ వాల్యూ ఎన్‌కోడింగ్‌గా (ఫైలులోకి ఎలా రాయాలో చెప్పే అమరికగా) ఇస్తే నాన్‌తో సహా సరిగ్గానే చూసుకుంటుంది. చిక్కల్లా పాత ఫైలు తెరిచి, విలువలను అదే వేరియబుల్‌లో మార్చి, తిరిగి రాసేటప్పుడు. పాత ఎన్‌కోడింగ్ వెంట వస్తుంది. కొత్త విలువలు పాత పరిధి దాటితే మళ్లీ ఇసుకే. రాసేముందు ఆ వేరియబుల్ ఎన్‌కోడింగ్‌ను ప్రింట్ చేసి చూడండి. అలాగే చదువుతున్న ఫైలు పేరుతోనే తిరిగి రాయొద్దు. ఎక్స్‌అర్రే డేటాను అవసరమైనప్పుడే చదువుతుంది కాబట్టి, చదవాల్సిన ఫైలును మీ చేత్తో మీరే తుడిచినట్టవుతుంది.

సమయాల సంగతికి ప్యాకింగ్‌తో సంబంధమే లేదు. మీరు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లుగా లెక్కించి ఫ్లోట్32లో వేశారు. మీ లేఖలో ఆ మాట లేదు, 0:59:44 అనే అంకె చెబుతోంది. ఫ్లోట్32లో సంఖ్యకు దక్కేది 24 బిట్లు. 1,67,77,216 దాటాక ప్రతి పూర్ణాంకాన్నీ అది విడిగా పట్టుకోలేదు. 2023 మొదటి క్షణం 1,67,25,31,200 సెకన్లు. ఆ ఎత్తులో రెండు పక్కపక్క ఫ్లోట్32 సంఖ్యల మధ్య దూరం 128. ఆ 128 సెకన్ల దూరాన్ని ఒక అడుగు అనుకుంటే, గంటంటే 3600 సెకన్లు, అంటే 28.125 అడుగులు. దాంతో 1 గంట 16 సెకన్లు వెనక్కి, 2 గంటలు 32 సెకన్లు వెనక్కి, 3 గంటలు 48, 4 గంటలు 64 సెకన్లు వెనక్కి. 5 గంటల దగ్గర పక్క అడుగు దగ్గరవుతుంది కాబట్టి 48 సెకన్లు ముందుకు. 8 గంటలు మళ్లీ కచ్చితం. ఈ ఎనిమిది గంటల ఊయల మీ ఫైలులో ఏడాది పొడవునా కనిపిస్తుంది, చూసుకోండి.

మందు చిన్నది. యూనిట్లు ‘2023-01-01 00:00:00 నుంచి గంటలు’ అని పెట్టి ఇంట్32లో 0 నుంచి 8759 దాకా వేయండి. క్యాలెండర్ ఆట్రిబ్యూట్ కూడా స్టాండర్డ్ అని స్పష్టంగా రాయండి. కొన్ని వాతావరణ నమూనాలు లీపు రోజు లేని క్యాలెండర్‌నో, 360 రోజుల క్యాలెండర్‌నో వాడతాయి, చదివేవాళ్లు ఊహించుకునే పరిస్థితి ఉండకూడదు. ఇంట్64 కావాలంటే నెట్‌సీడీఎఫ్-4 రకం ఫైలు వాడండి, పాత క్లాసిక్ రకంలో అది లేదు. ఏ రకమో ఎన్‌సీడంప్‌కు కె ఆప్షన్ ఇస్తే ఒక్క మాటలో చెబుతుంది. పాత క్లాసిక్ అని తేలితే కంప్రెషన్ మీద కూడా ఆశ వదులుకోండి. కంప్రెషన్, చంకులు (డేటాను విడివిడి ముక్కలుగా దాచడం) వచ్చింది 2008లో విడుదలైన నెట్‌సీడీఎఫ్-4తోనే. అది లోపల హెచ్‌డీఎఫ్5 అనే మరో ఫార్మాట్ ఫైలు.

నిదానం సంగతికి కారణం చంకులు. కాలం అపరిమిత డైమెన్షన్‌గా ఉండి మీరేమీ చెప్పకపోతే, లైబ్రరీ సాధారణంగా గంటకో చంక్ కడుతుంది: 1 × 180 × 360, ఇంట్16లో 1,29,600 బైట్లు. ఒక గంట మ్యాప్ గీయడానికి ఇది చక్కటి అమరిక. ఒక గడిలోని ఏడాది విలువలు కావాలంటే మాత్రం 8760 చంకులనూ తెరిచి, ఒక్కో దానిలోంచి ఒక్క సంఖ్య ఏరాలి. మీకు కావాల్సింది 17,520 బైట్లు, విప్పాల్సింది 113 కోట్ల బైట్లకు పైగా. పది చోట్లకు పదిసార్లు అదే పని.

730 × 15 × 30 చంకులు పెట్టి చూడండి. మీ అర్రే మూడు వైపులా సరిగ్గా పన్నెండేసి ముక్కలవుతుంది, అంచుల్లో వృథా ఉండదు. చంక్ 6,57,000 బైట్లు. గడి ఏడాది విలువలకు 12 చంకులు చాలు, మ్యాప్‌కు 144 కావాలి. రెండు పనులకూ మధ్యస్థం. కంప్రెషన్ జీలిబ్ (కుదించే పద్ధతి) 4వ స్థాయి, షఫుల్ (కుదించేముందు బైట్లను సర్దడం) ఆన్. 9వ స్థాయికి వెళితే సమయం తింటుంది గానీ తగ్గే పరిమాణం అంతంతమాత్రం.

అయితే చంకులు మార్చి, రాసే లూప్‌ను మాత్రం గంటకోసారే ఉంచితే ఈసారి రాయడం నత్తనడక నడుస్తుంది. ప్రతి గంటా 144 చంకులను తాకుతుంది. అవన్నీ క్యాష్‌లో (తాత్కాలిక మెమరీలో) ఉండాలంటే దాదాపు 9.5 కోట్ల బైట్లు కావాలి, అంత లేకపోతే ప్రతి చంకునూ విప్పడం, ఒక పొర చేర్చడం, మళ్లీ కుదించడం 730 సార్లు జరుగుతుంది. కాబట్టి 730 గంటల దిమ్మెలుగా రాయండి, మొత్తం 12 విడతలు. ఒక్కో దిమ్మె ఫ్లోట్32లో 19 కోట్ల బైట్ల లోపే. చంకులు నిజంగా మీరనుకున్నట్టే పడ్డాయో లేదో ఎన్‌సీడంప్‌కు హెచ్, ఎస్ ఆప్షన్లు కలిపి ఇస్తే కనిపిస్తుంది.

ఇవన్నీ మార్చాక 113 కోట్ల బైట్ల ఫైలుతో పరీక్షలు పెట్టుకోవద్దు. 2 × 3 × 4 అర్రే ఒకటి చాలు. ప్రతి గడిలో దాని చిరునామానే రాయండి: 200కు కాలం సూచికను 100తో, వరుస సూచికను 10తో గుణించి కలపండి, నిలువు సూచికను ఊరికే కలపండి. మొదటి గడి 200, చివరి గడి 323 అవుతాయి. అక్షాలు తారుమారైతే కంటితోనే దొరుకుతుంది. 200, 210, 220 అని వరుసగా వచ్చాయంటే ఎక్కడో ట్రాన్స్‌పోజ్ జరిగినట్టు. మధ్యలో ఒక గడిలో నాన్ పెట్టండి. విత్ బ్లాక్‌లో రాసి ఫైలు మూసేయండి. మూయకుండా ప్రోగ్రాం మధ్యలో చచ్చిపోతే హెచ్‌డీఎఫ్5 ఫైలు తెరిచేటప్పుడు తెగిపోయిందని ఫిర్యాదు చేస్తుంది.

తర్వాత ఆ ఫైలును రాసిన లైబ్రరీతోనే చదవొద్దు. రాసేటప్పుడూ చదివేటప్పుడూ ఒకే పొరపాటు జరిగితే రెండూ కొట్టుకుపోయి అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. ఎన్‌సీడంప్ స్కేల్, ఆఫ్‌సెట్ జోలికి పోకుండా ఫైలులోని ముడి సంఖ్యలను చూపిస్తుంది. మొదటి సంఖ్య −24017, రెండోది −23581, చివరిది 29694, నాన్ పెట్టిన చోట అండర్‌స్కోర్ ఉండాలి. ఇవి కుదిరితే రాయడంలో తప్పు లేదు, ఇంకా మ్యాప్ తేడాగా వస్తే గీసే కోడ్‌ను అనుమానించండి. ఇవే కుదరకపోతే గీసే కోడ్ జోలికే వెళ్లొద్దు.

పరీక్షల మధ్యలో 11వ నంబరు ఎర్రర్, వనరు తాత్కాలికంగా అందుబాటులో లేదని వస్తే, అదే ఫైలు ఇంకో విండోలో తెరిచి ఉందేమో చూడండి. హెచ్‌డీఎఫ్5 1.10 నుంచి ఫైలుకు తాళం వేసుకుంటుంది. ఆ తాళాన్ని తీసేసే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది, అయితే అది తాళాలను సరిగ్గా నడపలేని నెట్‌వర్క్ డ్రైవుల కోసం. రెండు ప్రోగ్రాములు ఒకే ఫైలులోకి రాస్తుండగా తాళం తీస్తే ఫైలు పాడవుతుంది.

పెద్ద ఫైలు కోసం మూడు తనిఖీలను కోడ్‌లోనే పెట్టేయండి. తిరిగి చదివిన విలువకూ అసలు విలువకూ తేడా ఎక్కడా 0.0012 దాటకూడదు. ఫైలులో మాస్క్ అయిన గళ్ల లెక్క, అసలు అర్రేలో నాన్‌ల లెక్కతో సమానంగా ఉండాలి. పక్కపక్క సమయాల మధ్య తేడా ప్రతిచోటా సరిగ్గా ఒక గంట ఉండాలి. తాత్కాలిక పేరుతో రాసి, ఈ మూడూ నెగ్గాకే అసలు పేరుకు మార్చండి. పాత ఇసుక ఫైలును మాత్రం లెక్కలతో వెనక్కి తిప్పే ప్రయత్నం చేయకండి. చుట్టు తిరిగినప్పుడు రాలిపోయిన సమాచారం అందులో లేదు, మూల డేటా నుంచి మళ్లీ రాయాల్సిందే.